బరువైన విద్యుత్ పికప్‌ చక్రాల మరమ్మతు: లోడు, గాలి, బిగింపు

బండి ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్, లారియట్ రకం, పెద్ద బ్యాటరీ ఉన్నది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత యజమాని కంపెనీ చక్రాలను తీసేసి, బయట కొన్న 20 అంగుళాల రిమ్ములు, వాటికి ఎల్‌టీ275/65ఆర్20 కొలత (ఎల్‌టీ అంటే లైట్ ట్రక్ రకం) టైర్లు వేయించుకున్నారు. గంటకు 60 మైళ్లు దాటగానే స్టీరింగ్ వణుకుతోంది. పార్కింగ్‌లో నెమ్మదిగా తిప్పుతుంటే ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమని చప్పుడు వస్తోంది. వెనక టైర్ల రెండు అంచులూ మధ్యభాగం కంటే ముందే అరిగిపోయాయి. బండితో వచ్చిన రసీదులు చూస్తే వణుకు పోవడానికి ఒకటికి రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినట్టు ఉంది కానీ, ఏ రసీదులోనూ బరువు గురించీ గాలి గురించీ ఒక్క ముక్క లేదు. అందువల్ల నేను పనిని అక్కడి నుంచే మొదలుపెట్టాను.

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్ల ముందు ఇలాంటి బళ్లు చాలానే కనిపిస్తున్నాయి. వాటికి కూడా బయటి రిమ్ములు ఉంటే ఈ క్రమంలోనే చూసుకోవచ్చు.

దశ 1: తూకం

హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ బరువులు విడివిడిగా వస్తాయి. బండిని నిలిపేటప్పుడు ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద ఉండేలా చూసుకుంటే చాలు. ఒకసారి నేనొక్కణ్ణే కూర్చుని, మరోసారి పెరటి పని కోసం కొన్న గ్రానైట్ కంకర సంచులతో తూచాను.

1. డ్రైవరు మాత్రమే: ముందు 3,320, వెనక 3,440, మొత్తం 6,760 పౌండ్లు.
2. కంకరతో: ముందు 3,380, వెనక 4,760, మొత్తం 8,140 పౌండ్లు.

రెండు తూకాల మధ్య తేడా 1,380 పౌండ్లు. అందులో 1,320 వెనక యాక్సిల్ మీదే పడింది. తలుపు పక్క స్టిక్కర్‌లో ఇచ్చిన పరిమితులను ఏ యాక్సిలూ దాటలేదు. అయినా వెనక ఒక్కో చక్రం మీద 2,380 పౌండ్లు ఉన్నట్టు లెక్క, అదీ కుడిఎడమల బరువు సమానంగా ఉంటేనే. సంచులు ఒక పక్కకు కాస్త ఎక్కువగా పేర్చినా ఒక చక్రం మీద 2,500 వరకు పోతుంది. తరువాతి దశలన్నిటికీ ఈ రెండు అంకెలే ఆధారం.

ఇప్పటివరకు ఖర్చు: 20 డాలర్లు.

దశ 2: గాలి లెక్క

ఈ బండికి కంపెనీ 20 అంగుళాల చక్రం మీద ఇచ్చిన కొలత 275/60ఆర్20. ఆ కొలతలో మామూలు టైరు లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును సూచించే అంకె) 115, అంటే 1,215 కిలోలు లేదా 2,679 పౌండ్లు. అయితే ప్యాసింజర్ రకం టైరును పికప్‌కు వేసినప్పుడు దాని సామర్థ్యాన్ని 1.10తో భాగించి లెక్కపెట్టాలని అమెరికా ఫెడరల్ ప్రమాణం 110 చెబుతుంది. అలా చేస్తే 2,435 వస్తుంది. మనం ఏ టైరు మార్చినా, మనం నింపే గాలి దగ్గర ఆ టైరు మోయగలిగే బరువు ఈ 2,435కు తగ్గకూడదు.

బండి మీద ఉన్న ఎల్‌టీ టైర్ల లోడ్ ఇండెక్స్ 126. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద 3,750 పౌండ్లని అచ్చు వేసి ఉంటుంది కాబట్టి చూసినవాళ్లు ఇంత గట్టి టైరుకు ఢోకా ఏముందని అనుకుంటారు. ఆ 3,750 అన్నది 80 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) గాలి ఉన్నప్పటి మాట. ఎల్‌టీ టైరుకు బలం ఇచ్చేది రబ్బరు మందం కాదు, లోపలి గాలి. పాత యజమాని, బహుశా పాత అలవాటు కొద్దీ, నాలుగింటిలోనూ 35 పీఎస్‌ఐ పెట్టించారు. ఆ గాలి దగ్గర ఈ టైరు మోయగలిగేది దాదాపు 2,100 పౌండ్లు. ఉండాల్సినది 2,435, కంకరతో ఉన్నప్పుడు పడుతున్నది 2,380. అంటే కంపెనీ టైరు కంటే గట్టిదని వేసిన టైరు, ఆ గాలి దగ్గర కంపెనీ టైరు కంటే తక్కువ మోస్తూ తిరిగింది. వెనక టైర్ల అంచులు ముందుగా అరగడానికి కారణం కూడా ఇదే.

ట్రెడ్ (టైరు నేలకు ఆనే గాళ్ల భాగం) లోతు గేజ్‌తో వెనక ఎడమ టైరు రీడింగులు అంగుళంలో ముప్పైరెండో వంతుల్లో ఇలా ఉన్నాయి: బయటి అంచు 5, మధ్య 9, లోపలి అంచు 6. రెండు అంచులూ ఇలా అరిగితే గాలి తక్కువైందని అర్థం. ఒక్క అంచే అరిగి ఉంటే అలైన్‌మెంట్ మీద అనుమానపడాలి.

తక్కువ గాలి, ఎక్కువ బరువు, వేడి రోడ్డు కలిస్తే ఏమవుతుందో ఈ దేశం ఒకసారి చూసింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచినప్పుడు, ట్రెడ్ ఊడిన ప్రమాదాలు ఎక్కువగా వేడి రాష్ట్రాల్లోనే జరిగాయని తేలింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు 26 పీఎస్‌ఐ చాలన్న సిఫారసు మీద టైరు కంపెనీ, బండి కంపెనీ బహిరంగంగానే వాదులాడుకున్నాయి. ఆ ఏడాది నవంబరులో వచ్చిన ట్రెడ్ అనే వాహన భద్రతా చట్టం వల్లే ఈనాడు డ్యాష్‌బోర్డు మీద టైరు గాలి హెచ్చరిక దీపం ఉంది. అయితే ఆ దీపాన్ని నమ్ముకోవడంలో ఉన్న చిక్కును దశ 7లో రాస్తాను.

తాత్కాలికంగా చేసిన మార్పు: నాలుగింటిలోనూ గాలి 50 పీఎస్‌ఐకి పెంచాను. పొద్దున్నే, బండి కదపకముందే కొలిచాను. బయటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగితే గాలి సుమారు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది, రోడ్డు మీద టైరు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. ఎండలో తిరిగి వచ్చాక గేజ్ ఎక్కువ చూపించిందని గాలి తీసేయకూడదు.

డిజిటల్ గాలి గేజ్ 30, ట్రెడ్ గేజ్ 8. ఇప్పటివరకు ఖర్చు: 58 డాలర్లు.

దశ 3: నట్లు, స్టడ్‌లు

ముందుగా జాక్ సంగతి. పెట్రోలు ఎఫ్-150కు వెనక గట్టి యాక్సిల్ గొట్టం ఉంటుంది, దాని కింద జాక్ పెట్టి లేపడం చాలామందికి అలవాటు. లైట్నింగ్‌కు వెనక సస్పెన్షన్ ఇండిపెండెంట్ రకం, ఆ గొట్టమే ఉండదు. మధ్యలో కింద ఉన్నదంతా బ్యాటరీ పెట్టె. అందువల్ల మాన్యువల్‌లో చూపిన ఫ్రేము చోట్లలో మాత్రమే జాక్ పెట్టాలి, స్టాండు లేకుండా చక్రం విప్పకూడదు. రోడ్డు పక్క సాయానికి వచ్చినవాళ్లకు కూడా ఈ మాట ముందే చెప్పడం మంచిది.

విప్పే ముందు నట్ ఎంత బిగువుగా ఉందో తెలుసుకోవాలి. నేరుగా విప్పుతూ చూసే అంకె నమ్మదగినది కాదు, ఎందుకంటే పట్టేసిన నట్‌ను కదిలించడానికి పట్టే బలం వేరు, బిగించినప్పటి బలం వేరు. నేను చేసిన పద్ధతి:

1. నట్ మీదా రిమ్ము మీదా కలిసేలా పెయింట్ పెన్‌తో ఒక గీత గీయాలి.
2. నట్‌ను పావు చుట్టు వదులు చేయాలి.
3. టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని అంకెల్లో చూపే పానాతో) గీతలు మళ్లీ కలిసే వరకు బిగిస్తూ, కలిసిన క్షణంలో అంకె చదవాలి.

ఈ బండికి ఉండాల్సిన బిగింపు 150 ఫుట్-పౌండ్లు. ముందు ఎడమ చక్రంలో ఆరు నట్లు 90, 95, 105, 110, 120, 130 చూపాయి. వెనక కుడి చక్రంలో అన్నీ 210కి పైనే ఉన్నాయి, ఒకటి 240. ఒకే బండి మీద ఒక చక్రం వదులుగా, మరొకటి అతిగా బిగిసి ఉండటం ఇంపాక్ట్ రెంచ్‌తో (దడదడ కొడుతూ బిగించే యంత్రపు పానాతో) ఒక ఊపులో బిగించేసి టార్క్ రెంచ్ ముట్టుకోని పనికి గుర్తు. ఆ షాపు పేరు రాయను, ఇది ఒక్క షాపు జబ్బు కాదు.

ముందు చక్రం వదులు కావడానికి ఇంపాక్ట్ రెంచ్ ఒక్కటే కారణం కాదని రిమ్ము తీశాక తెలిసింది. నట్ కూర్చునే కోన్ గుంటల్లోనూ, రిమ్ము వెనక హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు కొనకు) ఆనే ముఖం మీదా పౌడర్ కోటింగ్ దట్టంగా పూసి ఉంది. ఆ పూత ఒత్తిడికి నలిగి పలచబడిన కొద్దీ, నట్ తిరగకుండానే స్టడ్‌లో (నట్ ఎక్కే మర కడ్డీలో) లాగుడు తగ్గిపోతుంది. టక్కుమన్న చప్పుడు కూడా అక్కడిదే: హబ్ ముఖం మీద రిమ్ము జరిగిన మెరుపు చారలు స్పష్టంగా కనిపించాయి.

ఈ చిక్కు విద్యుత్ బండి మీద త్వరగా ముదురుతుందని నా అంచనా. చక్రాన్ని తిప్పే బలాన్ని మోయవలసింది స్టడ్‌ల పక్కలు కావు. స్టడ్‌లు లాగి పట్టి ఉంచడం వల్ల రిమ్ముకూ హబ్‌కూ మధ్య పుట్టే రాపిడే దాన్ని మోయాలి. లైట్నింగ్ మోటార్లు రెండూ కలిసి 775 ఫుట్-పౌండ్ల టార్క్‌ను పెడల్ నొక్కగానే ఇస్తాయి. కాలు తీయగానే రీజనరేటివ్ బ్రేకింగ్ (మోటార్లే బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపడం) రిమ్ము, హబ్ కలిసే అదే కీలును వెనక్కి తిప్పుతుంది. అంటే ప్రతి సిగ్నల్ దగ్గరా బలం దిశ మారుతుంది, పైగా మూడు టన్నుల బరువు మీద. పట్టు సడలిన కీలు ఇలాంటి ముందువెనకల ఊపుల్లోనే క్రమంగా జారుతుంది. చక్రాల బిగింపు చిక్కు బయటి రిమ్ములకే పరిమితమని కూడా అనుకోనక్కరలేదు. 2022 జూన్‌లో టొయోటా తన కొత్త విద్యుత్ కారు బీజెడ్4ఎక్స్‌ను, దానితోపాటు సుబారు తన సోల్టెర్రాను వెనక్కి పిలిచింది కూడా హబ్ బోల్టులు సడలి చక్రం ఊడే ప్రమాదం ఉందనే.

స్టడ్‌లు బాగున్నాయో లేదో చూడటానికి ఒక కొత్త ఎం14×1.5 నట్‌ను చేత్తో ప్రతి స్టడ్ మీదా చివరిదాకా తిప్పాను. మరచుట్ల మధ్య దూరం సాగిపోయిన స్టడ్ మీద నట్ మధ్యలో పట్టేస్తుంది. వెనక కుడి హబ్‌లో మూడు స్టడ్‌లు అలా పట్టేశాయి. మూడే మార్చి ఊరుకోలేదు, అదే అతి బిగింపును మిగతా మూడూ భరించాయి కనుక ఆరూ మార్చాను. నట్లు కూడా రేకు తొడుగు లేని, ఒకే ముక్కగా చేసినవి తీసుకున్నాను.

టార్క్ రెంచ్ 95, డయల్ గేజ్, అయస్కాంత స్టాండు 45, స్టడ్‌లు 36, నట్లు 60. ఇప్పటివరకు ఖర్చు: 294 డాలర్లు.

దశ 4: రింగుల ప్రయత్నం, విఫలం

వెర్నియర్‌తో కొలిస్తే హబ్ మధ్య బొడ్డు వ్యాసం 87 మిల్లీమీటర్లు ఉంది, ఈ రిమ్ముల మధ్య రంధ్రం 106 దాటింది. బయటి రిమ్ములు అనేక బళ్లకు సరిపడేలా పెద్ద రంధ్రంతో వస్తాయి. అందువల్ల రిమ్ము హబ్ మీద కాక నట్ల కోన్‌ల మీదే మధ్యకు వస్తుంది, నట్లు ఒక క్రమం లేకుండా బిగిస్తే పక్కకు కూర్చుంటుంది. వణుకుకు కారణం ఇదేనని, ఆ ఖాళీని నింపే ప్లాస్టిక్ రింగులు తెప్పించాను.

రింగు బయటి వ్యాసం 106.0 ఉంటే రిమ్ము రంధ్రం 106.4 ఉంది. పూత గీకి, రింగు వేసి, నక్షత్రం వరసలో (ఎదురెదురు నట్లను మార్చి మార్చి) బిగించాక డయల్ గేజ్ పెట్టి చక్రం తిప్పితే ఎగుడుదిగుడు 1.3 నుంచి 0.9 మిల్లీమీటర్లకు మాత్రమే తగ్గింది. రోడ్డు మీద వణుకు 60 మైళ్ల దగ్గర కాక 66 దగ్గర మొదలైంది. వంద మైళ్ల లోపే మళ్లీ బిగింపు చూస్తే, 150కి బిగించిన నట్లలో రెండు 135 దగ్గర కదిలాయి. పూతను ఎంత గీకినా కోన్ గుంటల అడుగున మిగిలే ఉంది.

రిమ్ము వెనక ముద్రించిన లోడు అంకె 2,500 పౌండ్లు. దశ 1లో ఒక పక్కకు ఒరిగిన లోడుతో వచ్చే అంకె కూడా అదే. పైగా రిమ్ము ఆఫ్‌సెట్ (హబ్‌కు ఆనే ముఖానికీ రిమ్ము మధ్యరేఖకూ ఉన్న దూరం) సున్నా కావడం వల్ల టైరు మధ్యరేఖ కంపెనీ రిమ్ముతో పోలిస్తే నాలుగు సెంటీమీటర్లకు పైగా బయటికి జరిగింది, అంతమేరకు హబ్ బేరింగ్ మీద మెలి బలం పెరుగుతుంది. అల్యూమినియం రింగులు సరిగ్గా చేయించుకుంటే వణుకు తగ్గేదేమో కానీ, రింగు రిమ్మును మధ్యలో నిలపడానికే తప్ప బరువు మోయడానికి కాదు. 2,500ను అది 2,501 చేయదు. అక్కడితో ఆ రిమ్ములను వదిలేశాను.

రింగులు 22. ఇప్పటివరకు ఖర్చు: 316 డాలర్లు.

దశ 5: కంపెనీ రిమ్ములకు తిరిగి రావడం

కొత్త బండి కొనగానే రిమ్ములు మార్చుకునేవాళ్లు కంపెనీవి అమ్మేస్తుంటారు. అలా దొరికిన నాలుగు 20 అంగుళాల రిమ్ములు తీసుకున్నాను. ఆరు రంధ్రాలు, 135 మిల్లీమీటర్ల వృత్తం, మధ్య రంధ్రం 87.1. కొనే ముందు చూసినవి: బీడ్ (టైరు లోపలి అంచు) కూర్చునే చోట వంపు, స్పోకుల వేళ్ల దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు, కోన్ గుంటల్లో నట్ తిరిగి గీరిన గుర్తులు, తిరిగి పెయింట్ వేసిన ఆనవాళ్లు. ఒక రిమ్ము గుంటలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటే దాన్ని తిప్పి పంపి మరొకటి తెప్పించుకున్నాను.

వాల్వుల దగ్గర ఒక జాగ్రత్త. రిమ్ములోకి లాగి దూర్చే మామూలు రబ్బరు వాల్వులు సాధారణంగా 65 పీఎస్‌ఐ వరకే పనికొస్తాయి. ఎల్‌టీ టైరు వేసేవాళ్లు నట్‌తో బిగించే లోహపు వాల్వులు వేయించుకుంటే, రేపు ట్రైలరు కోసం గాలి పెంచవలసి వచ్చినా మళ్లీ టైరు విప్పే పని ఉండదు.

రిమ్ములు 640, లోహపు వాల్వులతో గాలి సెన్సర్లు 120. ఇప్పటివరకు ఖర్చు: 1,076 డాలర్లు.

దశ 6: టైర్లు

పాత టైర్లలో ట్రెడ్ మిగిలే ఉంది కనుక ముందువాటినైనా అమ్ముదామనుకున్నాను. వెనక ఎడమ టైరును రిమ్ము నుంచి విప్పితే లోపల నల్లటి రబ్బరు పొడి రాలింది, సైడ్‌వాల్ లోపలి పొర మీద చుట్టూ ఒరిపిడి పట్టీ కనిపించింది. తక్కువ గాలితో సైడ్‌వాల్ నలిగిందనడానికి అది సాక్ష్యం. బయటి నుంచి చూస్తే ఆ టైరు నిక్షేపంగా ఉంది. నాలుగూ అవే 35 పీఎస్‌ఐతో అదే బండి మీద తిరిగాయి కాబట్టి నాలుగింటినీ స్క్రాప్‌కే ఇచ్చేశాను.

కొత్తవి ఎల్‌టీ275/60ఆర్20, లోడ్ రేంజ్ (గట్టిదనపు తరగతి) ఇ, లోడ్ ఇండెక్స్ 123. 80 పీఎస్‌ఐ దగ్గర 3,415 పౌండ్లు. ప్యాసింజర్ రకం టైరే వేసుకుంటే బండి మెత్తగా నడుస్తుంది, బ్యాటరీ కూడా కాస్త ఎక్కువ దూరం ఇస్తుంది. తరచూ బరువు వేయనివాళ్లకు నేను అదే చెబుతాను. కానీ 2,435కూ 2,380కీ మధ్య 55 పౌండ్ల ఎడం నాకు చాలలేదు.

గాలి నిర్ణయం, చల్లగా ఉన్నప్పుడు:

1. ముందు, ఎప్పుడూ: 50 పీఎస్‌ఐ. సామర్థ్యం దాదాపు 2,500 పౌండ్లు, కనుక 2,435 నియమం తీరుతుంది.
2. వెనక, ఖాళీగా: 50 పీఎస్‌ఐ.
3. వెనక, బరువుతో: 55 పీఎస్‌ఐ. సామర్థ్యం 2,600 పౌండ్లకు పైచిలుకు.

ఇవి ఈ టైరు కొలతకు, నా తూకానికి వచ్చిన అంకెలు. కొలత మారితే టైరు కంపెనీ లోడు పట్టికలో మళ్లీ చూసుకోవాలి. స్టిక్కర్ మీది అంకె కంపెనీ టైరుకే వర్తిస్తుంది.

టైర్లు, బిగింపు, రోడ్ ఫోర్స్ బ్యాలెన్సింగ్ (టైరును రోలరుతో నొక్కి చూసే రకం) కలిపి 1,180. ఇప్పటివరకు ఖర్చు: 2,256 డాలర్లు.

దశ 7: తిరిగి బిగించడం, ఆ తరువాతి కొలతలు

1. హబ్ ముఖాన్నీ రిమ్ము వెనక ముఖాన్నీ వైరు బ్రష్‌తో శుభ్రం చేయాలి.
2. హబ్ మధ్య బొడ్డు అంచుకు మాత్రమే పలచగా గ్రీజు రాయాలి. స్టడ్‌లకు, కోన్‌లకు రాయకూడదు, జారుడు వల్ల అదే 150 దగ్గర స్టడ్ మరింత సాగిపోతుంది.
3. చక్రం గాలిలో ఉండగా నక్షత్రం వరసలో చేత్తో, తరువాత 75కి, నేల మీద దించాక 150కి బిగించాలి.
4. వంద మైళ్లలోపు మళ్లీ 150 చూడాలి. ఇది ఫోర్డ్ మాన్యువల్‌లోనే ఉన్న మాట.

షాపులో టైర్లు మార్చినప్పుడు కూడా ఇంపాక్ట్ రెంచ్ వద్దని చెప్పి, చివరి బిగింపు నేనే చేశాను. డయల్ గేజ్ మీద ఎగుడుదిగుడు 0.3 మిల్లీమీటర్లు. మళ్లీ బిగింపు చూసినప్పుడు 24 నట్లలో ఒక్కటీ కదల్లేదు. 60 నుంచి 75 మైళ్ల వరకు స్టీరింగ్ నిశ్చలంగా ఉంది, టక్కుమన్న చప్పుడు పోయింది. హైవే మీద కిలోవాట్ అవర్‌కు 1.8 మైళ్లు వచ్చేది ఇప్పుడు 2.0 వస్తోంది. దానికి టైరు చిన్నదవడం ఒక కారణం, గాలి సరిపడా ఉండటం మరో కారణం, ఏది ఎంతో విడదీయలేదు. ఖాళీ బండి గతుకుల్లో వెనకటి కంటే గట్టిగా ఎగురుతుంది, ఆ ఇబ్బంది భరించాల్సిందే.

ఇక హెచ్చరిక దీపం. ఫెడరల్ ప్రమాణం 138 ప్రకారం, స్టిక్కర్ మీది గాలి కంటే 25 శాతం పడిపోయేలోపు దీపం వెలగాలి. స్టిక్కర్ అంకె 36 అనుకుంటే, 27 దగ్గర వెలిగినా చట్టానికి సరిపోతుంది. 50 ఉండాల్సిన టైరులో 27 అంటే దాదాపు సగం గాలి పోయాక తెలిసినట్టు. అందువల్ల ఎల్‌టీ టైర్లు వేసినవాళ్లకు ఆ దీపం ఆరి ఉండటం భరోసా కాదు. డ్యాష్‌బోర్డులో నాలుగు చక్రాల అంకెలూ చూపించే పేజీని తెరిచే ఉంచుతున్నాను, నాలుగింటిలో ఏది మిగతావాటికంటే 3 పీఎస్‌ఐ తగ్గినా గేజ్‌తో చూస్తున్నాను.

రిమ్ముల మధ్య మూతలను కూడా బరువు వేసి ఉన్నప్పుడే పరీక్షించాను. 2024లో టెస్లా సైబర్‌ట్రక్ తొలి చక్రపు మూతలు టైరు సైడ్‌వాల్‌ను ఒరుసుకుంటున్నాయని బయటపడి, కంపెనీ వాటిని ఇవ్వడం కొంతకాలం ఆపేసింది. ఖాళీ బండి గ్యారేజీలో నిలబడి ఉన్నప్పుడు ఉన్న సందు, లోడుతో సైడ్‌వాల్ ఉబ్బినప్పుడు ఉండదు. నా మూతలు టైరు దాకా రావు కనుక చిక్కు లేదు. వాటి బదులు చక్రం మొత్తాన్ని కప్పే మూతలు కొనేవాళ్లు వెనక లోడు వేసి, మూత అంచుకూ రబ్బరుకూ మధ్య ఒక కాగితం జారుతుందో లేదో చూసుకోవాలి.

చివరగా అలైన్‌మెంట్ చేయించాను. ముందు చక్రాల టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో చూసే కోణం) స్వల్పంగా బయటికి ఉంటే సరిచేశారు. ఐదు వేల మైళ్ల దగ్గర టైర్లు తిప్పి వేసేటప్పుడు వెనక ఎడమ ట్రెడ్ రీడింగులు బయట 13, మధ్య 13, లోపల 13 వచ్చాయి. కొత్తలో 15.

అలైన్‌మెంట్ 130. మొత్తం ఖర్చు: 2,386 డాలర్లు. పాత రిమ్ములను తేలికైన పెట్రోలు పికప్ ఉన్న ఒకాయనకు, వెనక ముద్రించిన 2,500 అంకెను చూపించి, కోన్‌లలో పూత గీకించుకోవాలని చెప్పి 300కు అమ్మాను. నికరం 2,086 డాలర్లు. తరువాతి రొటేషన్ పది వేల మైళ్ల దగ్గర. అప్పుడు కంకర కాకుండా ట్రైలరు తగిలించి మళ్లీ తూకం వేసి, వెనక 55 చాలుతుందో లేదో చూస్తాను.